'గ్లోబల్ హెల్త్' నేర్చుకోవాలంటే విదేశం పోవాలా, దత్తత పల్లె చాలదా? (తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి)

అలిపిరి_మెడికో

అందరికీ నమస్తే. తిరుపతిలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా సీనియర్ ఒకాయన నాలుగు వారాల 'కమ్యూనిటీ గ్లోబల్ హెల్త్' ప్రోగ్రాం అని ఆఫ్రికాకు పోతున్నాడు. ఫీజు, టికెట్టు, ఉండడం, తినడం అంతా మన ఖర్చే. పల్లె క్లినిక్‌లు తిప్పి చూపిస్తారు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. నన్నూ రమ్మంటున్నాడు. ఇంట్లో అడిగితే మా నాన్న "పల్లె చూసేదానికి అంత దూరం పోవల్లనా, మనూర్లో బస్సు దిగితే చాలదా" అని కొట్టిపారేశాడు.

ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ఇక్కడ మాకు జరిగేదీ అంతంతమాత్రమే. ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాం (మెడికోలు పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని ఆరోగ్యం చూసే పథకం) కింద రామచంద్రాపురం వైపు ఒక పల్లెలో నాకు ఐదు కుటుంబాలు ఇచ్చారు. కాలేజీ బస్సులో పోతాం, బీపీ చూస్తాం, ఫారం నింపుతాం, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుంటాం, మధ్యాహ్నం భోజనానికి హాస్టల్‌లో ఉంటాం. అదే సమయంలో ఇలాంటి పల్లెలు చూడడానికే విదేశీ విద్యార్థులు డబ్బు కట్టి మన దేశానికి వస్తున్నారు. వాళ్లకు కనబడేది మాకెందుకు కనబడడం లేదు? సర్టిఫికెట్ సంగతి అటుంచి, నిజంగా నేర్చుకోవాలంటే ఏం చేయాలి?

పీఎస్ఎం_టీచరు

కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ముందు కాస్త పాత సంగతి. డాక్టరును ఆస్పత్రి గోడల మధ్యే తయారు చేయకూడదన్న మాట మన దేశంలో కొత్తది కాదు. ప్రతి వైద్య విద్యార్థికీ ప్రివెంటివ్, సోషల్ మెడిసిన్‌లో మూడు నెలల శిక్షణ ఉండాలని, వాళ్లు 'సోషల్ ఫిజీషియన్లు' కావాలని 1946లోనే భోర్ కమిటీ రాసింది. 1977లో వైద్య విద్యను పల్లెల వైపు మళ్లించేందుకు రోమ్ (ROME) పథకం వచ్చింది. ఒక్కో మెడికల్ కాలేజీ మూడేసి బ్లాకుల బాధ్యత తీసుకోవాలి, మొబైల్ క్లినిక్ వ్యాన్లలో విద్యార్థులు పల్లెలకు పోవాలి అన్నారు. ఆ వ్యాన్లు ఎన్ని తిరిగాయో, ఎన్ని షెడ్లలోనే ఉండిపోయాయో పాతతరం ప్రొఫెసర్లను కదిపితే చెబుతారు.

ఇప్పుడు ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) వంతు. 2021-22 బ్యాచ్ నుంచి ఫ్యామిలీ అడాప్షన్ సిలబస్‌లోకి వచ్చింది. మొదటి ఏడాది 27 గంటలు, రెండో ఏడాది 30, మూడో ఏడాది 21, మొత్తం 78 గంటలు. ఒక్కో విద్యార్థికి కనీసం మూడు కుటుంబాలు, వీలైతే ఐదు.

78 గంటలంటే తక్కువేం కాదు. కానీ అందులో కొంత బస్సు ప్రయాణానికి, కొంత అటెండెన్స్‌కు పోతుంది. మిగిలినదాన్ని ఫారం తినేస్తుంది. లోపల ఉండి చెబుతున్నా, ఇన్‌స్పెక్షన్ వస్తే మాకూ కావలసింది ఫారం, ఫోటోనే. అసలు ఈ పథకం ప్రాణమంతా ఒకే కుటుంబాన్ని మూడేళ్ల పాటు వదలకుండా చూడడంలో ఉంది. ఆ మూడేళ్లలో ఇంటి కోడలు గర్భిణి అవుతుంది, తాతకు షుగర్‌తో కాలి పుండు పడుతుంది, కొడుకు పనికోసం చెన్నై పోతాడు. నాలుగు వారాల ప్రోగ్రాంలో, అది ఏ దేశంలో అయినా సరే, ఇది చూడలేరు.

బంగారుపాళెం_మామిడి

నేను డాక్టర్ను కాదు, రైతును. మా ఇల్లు కూడా దత్తతలో ఉండాది. ఏ కాలేజీ అనేది చెప్పను. పిల్లోళ్లు మంచోళ్లే, మర్యాదగానే మాట్లాడతారు. కానీ వచ్చేది పదిన్నరకు. పదిన్నరకు పల్లెలో ఎవరుంటారు? ఆడోళ్లు కరువు పనికో, కలుపుకో పోయుంటారు. ముసిలోళ్లు తప్ప ఎవరూ దొరకరు. మా అమ్మను వాకిట్లో కూర్చోబెట్టి అడిగిందే అడుగుతారు. మరుగుదొడ్డి ఉందా, గ్యాసా కట్టెల పొయ్యా, నీళ్లు కాచి తాగుతారా, నెలకు ఆదాయమెంత. పోయిన బ్యాచ్ అడిగిందే ఈ బ్యాచ్ కూడా. మా మరుగుదొడ్డి యాడికీ పోలేదు సామీ, ఆడనే ఉండాది.

ఒకసారి అమ్మకు బీపీ చూసి రాసుకున్నారు. ఎంతుంది నాయనా అంటే "సార్‌ను అడిగి చెప్తాం అవ్వా" అన్నారు. ఆ సారు రానేలేదు. అమ్మకు ఒకటే టెన్షన్, నిద్రే పోలేదు. ఆఖరుకు నేనే టౌనుకు పిలుచుకపోయి చూపించినా. నూట డెబ్బై ఉండాది. ఆ నంబరు మీ పుస్తకంలో ఉంది, మా ఇంట్లో లేదు. ఇదేం శిక్షణో మీరే చెప్పండి.

అలిపిరి_మెడికో

అన్నా, మా ఫారంలో కూడా మొదటి పేజీ మరుగుదొడ్డే. ఒక్కటి చెప్పండి, మా నుంచి మీకు ఏం కావాలి?

బంగారుపాళెం_మామిడి

చూసింది చూసినట్టు చెప్పి పోండి. ఎక్కువుంటే ఎక్కువుందని, యాడికి పోవల్లో చెప్పండి. పెద్ద కోరికేం కాదు కదా. ఇంకోటి, తెల్లారి ఆరింటికి పాలు పోసే చోటికి రండి. ఊరంతా ఆడనే ఉంటుంది.

ర్యాంక్_ముఖ్యం

ఎవరూ తిట్టొద్దు. నీట్ పీజీలో పాలకేంద్రం మీద ప్రశ్న రాదు. విదేశం వద్దు, పల్లె వద్దు, లైబ్రరీలో కూర్చో తమ్ముడూ.

విలేజ్_క్లినిక్_సిస్టర్

పాలు పోసే చోటు మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని, అంటే డాక్టరు లేని రోజుల్లో క్లినిక్ నడిపేదాన్ని. పీహెచ్‌సీ డాక్టరుగారు 104 వాహనంతో నెలకు రెండుసార్లు వస్తారు. మిగతా రోజులు బీపీ, షుగర్ మాత్రలు, గర్భిణుల చెకప్‌లు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ నా నెత్తినే. మెడికోలు వస్తున్నారంటే మొదట్లో నాకు విసుగే. కుర్చీలు వేయాలి, ఆశాను పిలవాలి, ఇళ్లు చూపించాలి.

కానీ ఒక అమ్మాయి చేసిన పని చెప్పాలి. మామూలుగా అందరూ "మాత్రలు వేసుకుంటున్నారా" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు పల్లెలో ఒకటే జవాబు, "వేసుకుంటా ఉండాను తల్లీ". ఈ అమ్మాయి ఆ ప్రశ్న అడగలేదు. "అవ్వా, మాత్రలు ఎక్కడ పెట్టుకుంటావు, చూపించు" అంది. దేవుడి పటం వెనక నుంచి బిస్కెట్ డబ్బా దిగింది. అందులో మేమిచ్చిన బీపీ మాత్ర అమ్లోడిపిన్ స్ట్రిప్పులు కదపకుండా ఉన్నాయి. వాటి కిందే టౌన్లో ప్రైవేటు డాక్టరు రాసిన మరో స్ట్రిప్పు, వేరే కంపెనీ పేరుతో అదే అమ్లోడిపిన్. అవ్వ లెక్క ఏంటంటే, తల నొచ్చిన రోజు రెండూ కలిపి వేసుకోవడం, నొప్పి లేని రోజు ఏదీ వేసుకోకపోవడం. నా రిజిస్టర్‌లో మాత్రం ఆమె రెగ్యులర్‌గా మందు వాడుతున్న పేషంటు. ప్రతి నెలా వచ్చి స్ట్రిప్పు తీసుకునేది మరి, నేనెట్లా కనిపెట్టేది?

ఆ తర్వాత ఆ వీధి మొత్తం డబ్బాలు దించి చూశాం. మాకు డబ్బా దించే తీరిక ఉండదు, మెడికోలకు ఉంటుంది. తమ్ముడూ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇదే. ఫారం నింపు, వద్దనను, సంతకం కావాలి కదా. అది అయ్యాక డబ్బా దించమను. ఏం చూశావో సాయంత్రానికి నాకో, ఆశాకో చెప్పి పో.

బర్మింగ్‌హామ్_డాక్టర్

చిత్తూరువాణ్ని, బ్రిటన్‌లో పనిచేస్తున్నా. ఇక్కడి మెడికల్ కాలేజీల్లో చివరి సంవత్సరాల్లో 'ఎలెక్టివ్' అని కొన్ని వారాలు ఉంటాయి. చాలామంది ఆఫ్రికాకో, మన వైపుకో పోతారు. వచ్చాక వాళ్ల ప్రజెంటేషన్లు నేను చూస్తుంటా. రెండు రకాలవాళ్లు ఉంటారు. ఒకరకం సూర్యాస్తమయం ఫోటోలు, పిల్లల్ని ఎత్తుకున్న ఫోటోలు, "నా జీవితం మారిపోయింది" అన్న ఆఖరి స్లయిడ్. రెండోరకం వాళ్లు ఆ ఊరి నర్సు ఏం చేసిందో చెబుతారు, తమ గురించి తక్కువ చెబుతారు.

ఇక్కడ గట్టిగా చెప్పే నియమం ఒకటుంది. నీ దేశంలో, నీ స్థాయిలో నిన్ను చేయనివ్వని పని పరాయి దేశంలో చేయకూడదు. ఇక్కడ కుట్టు వేయడం రానివాడు అక్కడ పేదవాళ్ల మీద నేర్చుకోకూడదు. చూడడానికి పోయినవాడు చూసి రావాలి. డబ్బు తీసుకుని "హ్యాండ్స్ ఆన్" అని ఆశ చూపే ప్రోగ్రాం ఏదైనా ఉంటే దానికి దూరంగా ఉండు. నీ సీనియర్ పోయే చోట ఇది ముందే అడగమను. డబ్బులో ఎంత భాగం ఆ ఊరి క్లినిక్‌కు పోతుంది, అక్కడి విద్యార్థులకు తిరిగి ఇలాంటి అవకాశం ఉందా అని కూడా అడగమను. రెండోదానికి జవాబు సాధారణంగా ఉండదు. బ్రిటన్ పిల్ల బ్యాగు సర్దుకుని మన పల్లెకు వచ్చేస్తుంది. మన పల్లె మెడికో ఇక్కడికి రావాలంటే వీసా, ఫీజు, బ్యాంక్ బ్యాలెన్స్ చూపించాలి.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఇంటర్వ్యూల్లో అవతలివైపు కూర్చున్నవాడిగా చెబుతున్నా, నాకు దానితో పనిలేదు. సిస్టర్ చెప్పిన బిస్కెట్ డబ్బా కథ ఎవరైనా చెబితే మాత్రం ముందుకు వంగి వింటా.

ర్యాంక్_ముఖ్యం

సార్, ఆ ఇంటర్వ్యూ దాకా రావాలంటే ముందు ర్యాంక్ రావాలి కదా.

బర్మింగ్‌హామ్_డాక్టర్

రావాలి. చదవద్దని ఎవరన్నారు?

ఆరోగ్యవరం_మనవడు

గ్లోబల్ హెల్త్ అంటే విమానం ఎక్కాలన్న భావన మనకు ఎట్లా వచ్చిందో గానీ, మన సీమ ఈ విషయంలో ఎప్పటినుంచో ప్రపంచ పటంలో ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో టీబీ శానటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోల్లర్ దానికి మొదటి సూపరింటెండెంట్. మా తాత అక్కడ చికిత్స పొందాడు. మందులు లేని కాలంలో గాలి, విశ్రాంతి, తిండి ఇవే వైద్యం. మన దేశంలో టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా మొదలైంది కూడా 1948లో మదనపల్లెలోనే.

ఆ తర్వాతది ఇంకా ముఖ్యం. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ (అంటే మందులతో చికిత్స) సెంటర్ పెట్టి, రోగుల్ని సగం మందిని శానటోరియంలో, సగం మందిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకు సరైన తిండి లేదు, పనికి కూడా పోయారు, అయినా దాదాపు సమానంగా నయమయ్యారు. ఇంట్లో మిగతావాళ్లకు ముప్పు పెరగలేదు కూడా. ఆ ఒక్క అధ్యయనంతో ప్రపంచమంతా శానటోరియంలకు కాలం చెల్లింది. దీని వెనక ఇళ్లిళ్లూ తిరిగిన హెల్త్ విజిటర్లు ఉన్నారు. ఆ పనికీ, అలిపిరి తమ్ముడు ఫారం పట్టుకుని చేసే పనికీ తేడా పెద్దగా లేదు. మళ్లీ మళ్లీ పోయారు, పోయినదానికి లెక్క చెప్పారు.

సత్యవేడు_సూటిమాట

గొప్పలు సరే. మా సత్యవేడు దాటితే తిరువళ్లూరు. అప్పట్లో అది చెంగల్పట్టు జిల్లా. 1968లో అక్కడి పల్లెల్లోనే చెంగల్పట్టు బీసీజీ ట్రయల్ మొదలుపెట్టారు. లక్షల మంది. ఏళ్ల తరబడి వెంటపడి చూస్తే, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీకి బీసీజీ అడ్డుకట్ట వేయలేదని తేలింది. ఆ ఫలితం ప్రపంచంలోని పుస్తకాలన్నిట్లో ఉంది. ఆ పల్లెల్లో ఎంతమందికి "మీ వల్ల ఇది తెలిసింది" అని వెనక్కి వచ్చి చెప్పి ఉంటారు? మామిడి అన్న అడిగిందీ అదే కదా. నంబరు పుస్తకంలో ఉంది, ఇంట్లో లేదు.

పీఎస్ఎం_టీచరు

సూటిమాటగారు సూటిగానే కొట్టారు. ట్రయల్‌కైనా, లాగ్‌బుక్‌కైనా ఈ ప్రశ్న తప్పదు.

క్యాజువాల్టీ_నైట్_డ్యూటీ

చర్చ అంతా బీపీ, షుగర్ దగ్గరే తిరుగుతోంది. నేను ఎమర్జెన్సీలో పనిచేసేవాణ్ని, పాముకాటు మాట ఎత్తకుండా పోలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030కల్లా మరణాలు సగానికి తగ్గాలని 2019లో లక్ష్యం పెట్టింది. 2000 నుంచి 2019 దాకా లెక్క వేస్తే మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని మిలియన్ డెత్ స్టడీ అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్ర కూడా ఉంది. ఇంతకన్నా గ్లోబల్ హెల్త్ ఏముంది? దీనికోసం ఎవరైనా విదేశం పోతారా?

క్లాసులో మీకు నాలుగు పాముల పేర్లు చెబుతారు. పల్లెలో నేర్చుకోవాల్సింది వేరే. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, కింద చాప మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటారు. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. కనురెప్పలు వాలిపోయేసరికి పరుగెత్తుకొస్తారు. దత్తత ఇంటికి పోయినప్పుడు "ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు" అని ఒక్కసారి అడిగి చూడండి. మంచం ఎంతమందికి ఉంది, దోమతెర ఉందా, చెనక్కాయ మూటలు పడుకునే గదిలోనే ఉన్నాయా? మూటలుంటే ఎలుకలుంటాయి, ఎలుకలుంటే పాము వస్తుంది. ఫారంలో ఈ కాలమ్ లేదు.

మీ పీహెచ్‌సీకి పోయినప్పుడు ఇంకో సంగతి చూడండి. రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టదు. దానికి పరీక్ష చాలా తేలిక. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గాజు ట్యూబే కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. సబ్బుతో కడిగి వాడినా ఫలితం తప్పొస్తుంది. ఆ గాజు ట్యూబు అక్కడ ఉందా లేదా అడగండి. లేకపోతే ఎందుకు లేదు, కావాలని ఇండెంట్ ఎవరు రాసి పెట్టాలి, ఎక్కడ ఆగింది అని తీగ లాగుతూ పోండి. హెల్త్ సిస్టమ్ అంటే ఏమిటో ఒక ట్యూబు నేర్పిస్తుంది. ఏ గ్లోబల్ హెల్త్ కోర్సులోనైనా లక్షలు కట్టించుకుని చెప్పేది ఇదే.

ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు సంగతి కూడా రాద్దామనుకున్నా, పోస్టు పెద్దదవుతోంది. ఆర్థో వాళ్లు ఎంత తిట్టినా జనం ఎందుకు పోతారో పోయి చూస్తే తెలుస్తుంది.

హాస్టల్_అక్క

పుత్తూరు కట్టు మీద వేరే చర్చ పెట్టండి డాక్టరుగారూ, ఇక్కడ మొదలైతే ఆగదు.

నాది వేరే సమస్య. మా బ్యాచ్‌లో ఆల్ ఇండియా కోటాలో వచ్చిన ఉత్తరాది పిల్లలున్నారు. తెలుగు రాదు. జంటగా పంపుతారు, తెలుగు వచ్చినవాళ్లు మాట్లాడతారు, రానివాళ్లు చేతికి బీపీ కఫ్ కడతారు. కుప్పం వైపు అయితే మరీ విచిత్రం, ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో తమిళం, కాస్త పోతే కన్నడం. మాకే తికమక. అమ్మాయిలం సాయంత్రాలు ఉండిపోదామంటే బస్సు ఆగదు. తెల్లవారి ఆరింటికి పాలకేంద్రం అన్నారు, వార్డెన్ ఐదింటికి గేటు తీస్తుందా? ఇవన్నీ చిన్న సంగతులే, అయినా పల్లెకు పోవడం, పోకపోవడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

పీఎస్ఎం_టీచరు

చిన్న సంగతులు కావు. అందుకే పల్లెలోనే ఉండేలా ఏర్పాటు చేసిన చోట్లే ఇది బతికింది. వార్ధా పక్కన సేవాగ్రామ్ మెడికల్ కాలేజీలో ప్రతి బ్యాచ్ ఒక ఊరిని తీసుకుంటుంది, మొదటి ఏడాదిలోనే ఆ ఊరిలో 15 రోజుల క్యాంపు. మన పక్కనే వెల్లూరు సీఎంసీలో కూడా మొదటి ఏడాది పిల్లలు పల్లెలో బస చేస్తారు. ఇక మహారాష్ట్ర జామ్‌ఖేడ్ గురించి తెలియకపోతే తెలుసుకోండి. రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్లను, వాళ్లలో చాలామందికి చదువు కూడా లేదు, ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. ఇప్పుడు దేశదేశాల విద్యార్థులు అక్కడికి వచ్చి ఆ ఆడవాళ్ల దగ్గర పాఠం నేర్చుకుంటారు. అమ్మలు టీచర్లు, మెడికోలు స్టూడెంట్లు. 1978లో ప్రపంచ దేశాలు అల్మా అటాలో కలిసి 'ప్రైమరీ హెల్త్ కేర్' అని ప్రకటించినప్పుడు దాని వెనక ఇలాంటి ఊళ్ల అనుభవం ఉంది.

అలిపిరి_మెడికో అడిగిన "వాళ్లకు కనబడేది మాకెందుకు కనబడదు" అన్నదానికి నా అభిప్రాయం ఇదీ. వాళ్లు వచ్చేది నేర్చుకోవడానికని ఒప్పుకుని వస్తారు. మన పిల్లలను మేము పల్లెకు ఏదో ఇచ్చి రావడానికన్నట్టు తెల్లకోటు వేసి పంపుతాం. దత్తత అన్న మాటలోనే ఆ దర్జా ఉంది.

ఆశా_అక్క_కొడుకు

అమ్మలు టీచర్లు అన్నారు, సంతోషం. మా అమ్మ ఆశా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అంటే మా అమ్మ గ్లోబల్ హెల్త్ లీడర్. ఆ రోజు కూడా ఆమె పోలియో చుక్కల లెక్కలు రాసుకుంటూనే ఉంది. మన రాష్ట్రంలో ఆశాలకు 2019 నుంచి నెలకు పదివేలు.

కాలేజీ బస్సు వచ్చిన రోజు అమ్మ పనులన్నీ ఆగిపోతాయి. ఇళ్లు చూపించాలి, కుక్కల్ని అదిలించాలి, "వీళ్లు మంచోళ్లే, సూది వేయరు" అని నచ్చజెప్పాలి. పొరుగింటి గొడవలు, ఎవరింట్లో తాగుడు, ఎవరికి అబార్షన్ అయింది, ఇవన్నీ తెలిసింది ఆమెకే. ఆమె పక్కన లేకపోతే ఎవరూ నోరు విప్పరు. కాలేజీవాళ్లు ఫోటోలో ఆమెను చివర నిలబెడతారు. రూపాయి ఇవ్వరు. గెస్ట్ లెక్చర్‌కు ప్రొఫెసర్ వస్తే గౌరవ వేతనం ఇస్తారు కదా, ఆమె చెప్పింది లెక్చర్ కాదా?

పీఎస్ఎం_టీచరు

బాబూ, నువ్వన్నది న్యాయం. డబ్బు ఇవ్వడానికి మా బడ్జెట్‌లో హెడ్ లేదు. అడిగితే ఆడిట్ అంటారు. కనీసం లాగ్‌బుక్‌లో విద్యార్థి పని ఎట్లా ఉందో ఆశా కూడా రాసేలా ఒక కాలమ్ పెడదామని మా డిపార్ట్‌మెంట్‌లో అంటూనే ఉన్నాను. "ఆశా మార్కులు వేస్తుందా" అని నవ్వారు.

ఆశా_అక్క_కొడుకు

ఎందుకు వేయదు సార్? పోయినేడు వచ్చినవాళ్లలో ఎవరు మళ్లీ ఫోన్ చేశారో ఆమెకు పేర్లతో సహా గుర్తు.

చర్చా_నిర్వాహకుడు

ఒక మనవి. ఊరి పేర్లు, రోగుల పేర్లు, ఇళ్ల ఫోటోలు పెట్టకండి. పైన ఒకరు పెట్టిన క్యాంపు ఫోటో తీసేశాం, అందులో ఒక గర్భిణి రిపోర్టు చదవడానికి వీలుగా కనబడుతోంది. మెడికోలూ, ఇది మీ బ్యాచ్ వాట్సాప్ స్టేటస్‌లకు కూడా వర్తిస్తుంది.

తిరుచానూరు_ఫార్మసీ

అందరూ విదేశం వద్దనే అంటున్నారు, నేను కాస్త ఎదురు మాట్లాడతా. మా అన్నకొడుకు నేపాల్‌లో ఇట్లాంటి ప్రోగ్రాంకే పోయి వచ్చాడు. పరాయి దేశం పోతే మన వ్యవస్థ విలువ తెలిసిందన్నాడు. మన దగ్గర 108 ఫోన్ చేస్తే వస్తుంది, అక్కడ కొండ మీద నుంచి మనిషిని మోసుకుంటూ దించారట. పరాయిచోటు చూస్తే కొన్ని కళ్లు తెరుచుకుంటాయి. డబ్బుంటే పోనివ్వండి. లేకుంటే పోనక్కర్లేదు, అంతే.

బర్మింగ్‌హామ్_డాక్టర్

ఒప్పుకుంటా. అయితే ముందు ఇంటి దగ్గరి పల్లె తెలిసినవాడు పోతేనే ఆ పోలిక పుడుతుంది. 108 ఎట్లా పనిచేస్తుందో తెలియనివాడికి నేపాల్ కొండ ఒక ఫోటోగానే మిగులుతుంది.

అలిపిరి_మెడికో

అందరికీ థాంక్స్. సీనియర్‌తో పోవడం లేదు, డబ్బు ఒక కారణం, మీ మాటలు ఇంకో కారణం. రెండు ప్రశ్నలున్నాయి. కాలేజీ బస్సు కాకుండా విడిగా ఆ ఇళ్లకు పోవచ్చా? పోతే ఏం తీసుకుపోవాలి? నాకు బీపీ చూడడం తప్ప ఏమీ రాదు, తప్పు సలహా ఇస్తానేమో అని భయం.

పీఎస్ఎం_టీచరు

విడిగా పోవాలంటే డిపార్ట్‌మెంట్‌కు ఒక లెటర్ పెట్టు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు కాపీ ఇవ్వు. ఒక్కడివే పోవద్దు, ఇద్దరు పోండి. సలహా ఇవ్వకు, మందు మార్చకు. చూసిన నంబరు ఒక చీటీ మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వు, అదే రోజు క్లినిక్ సిస్టర్‌కు చెప్పు. నీ స్థాయికి అదే పూర్తి వైద్యం.

విలేజ్_క్లినిక్_సిస్టర్

చీటీ కాదు సార్, మా దగ్గర ఎన్‌సీడీ కార్డులు (బీపీ, షుగర్ లాంటివి రాసేవి) ఉంటాయి. దాంట్లోనే రాయమనండి, చీటీ పొయ్యిలో పోతుంది. తమ్ముడూ, గురువారం మాత్రం రాకు, 104 వస్తుంది, నీతో మాట్లాడే తీరిక ఉండదు.

క్యాజువాల్టీ_నైట్_డ్యూటీ

టార్చిలైటు తీసుకుపో. తెల్లవారుజామున పాలకేంద్రం దారిలో నీకే అవసరం.

అలిపిరి_మెడికో

సరే సార్. సిస్టర్, వచ్చే వారం బుధవారం తెల్లవారి వస్తే?

బంగారుపాళెం_మామిడి

మీ పల్లెలో మామిడి తోటలుండాయా? ఉంటే ఇప్పుడొద్దు. తోతాపురి కోతలు నడస్తా ఉండాయి, రేత్రంతా లోడింగ్, పొద్దున్నే అందరూ ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్ క్యూలో ఉంటారు. ఆగస్టులో పో.